అడుగు సొట్ట

లమ్మడా,
మార్చి 4, 2021

మిరియమక్కకు,

నీకు ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళు అయి ఉంటుంది. ఇదే యాంగోన్‌లో, తామ్వేలో ఉన్న అక్కకి కాగితం మీద రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఫోనులో మాట్లాడాలంటే భయం. దారిలో సిపాయిలు ఫోన్లు లాక్కుని తెరిచి చూస్తున్నారు. మా వీధిలో సైకిళ్ళు బాగుచేసే ఆయన్ని ఒక్క ఫోటో కోసం తీసుకుపోయారు, ఇప్పటికి ఆరు రోజులు. ఇంట్లోవాళ్ళకి కబురు లేదు. నెల రోజుల కింద, సైన్యం గద్దెనెక్కకముందు, ఇది మామూలు ఊరు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నాన్న చర్చి బడిలో చెవి మెలిపెట్టి నేర్పిన తెలుగు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. దీన్ని ఎవరు విప్పి చూసినా ఏదో కీర్తన అనుకుంటారు. టాక్సీ నడిపే మన దేముడు నా కొట్లో బాగుచేసిన కరెంటు పొయ్యిల సెట్లు ఇళ్ళకు చేరవేస్తాడు కదా, అతని చేతికే ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

బొగ్గు దొరకడం లేదన్నావని ఇండక్షన్ పొయ్యి పంపాను. నువ్వు ఏ పెట్టె మీదున్న రాతా చదవవు కాబట్టి ఇది చదువు. గోడకి జానెడు దూరంలో, చదునైన బల్ల మీద పెట్టు. కింద గుడ్డ పరచకు, గాలి అడుగు నుంచే పోవాలి. లావు పిన్నుల ప్లగ్గులోనే పెట్టు, ఫ్రిజ్జు ఉన్న తీగకి కలపకు. వంట అయ్యాక లోపల ఫ్యాను తిరుగుతుంటుంది, అది ఆగేదాకా స్విచ్ తియ్యకు. సత్తు గిన్నెలు దీనికి పనికిరావు. పెట్టెలో చిన్న అయస్కాంతం పెట్టాను. అది అడుక్కి అంటుకున్న గిన్నె ఒక్కటే వేడెక్కుతుంది.

జ్వరం తగ్గిందా? నోటికి రుచి తెలుస్తోందా? మా ఆవిడ మరియ అడుగుతోంది.

ఇస్సాకు

తామ్వే,
మార్చి 9

తమ్ముడూ,

అయస్కాంతం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. తొమ్మిది గిన్నెల్లో ఎనిమిదింటిని నీ పొయ్యి వద్దంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరు. చివరికి నేను బడిలో పంతులమ్మ పని మానేసిన రోజు పిల్లలిచ్చిన స్టీలు గిన్నె ఒక్కటి నచ్చింది దొరగారికి. మూడు రోజులు బాగానే వండింది. నాలుగో రోజు నుంచి కుయ్ కుయ్‌మని అరిచి ఆరిపోతోంది. గిన్నె లేదంటుంది. కళ్ళెదురుగా గిన్నె ఉంది. సెట్టు వెనక్కి పంపుతున్నాను, చూడు.

జ్వరం పోయింది. అది పోవడం మా అంతస్తులోనే ఎదురింటి అప్పలమ్మత్త పుణ్యం. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఈ రోగం అంటుకుంటుందని ఎవరూ నా గుమ్మం తొక్కని రోజుల్లో రోజూ గంజి కాచి ఇచ్చింది. ఒకరోజు కిందింటివాళ్ళ బొగ్గు మీద కాచి తెస్తూ మెట్ల మీద పడిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది, గిన్నె నాలుగు మెట్లు దొర్లి సొట్ట పడింది, గంజంతా మెట్లపాలు. లేచి, మళ్ళీ కాచి తెచ్చింది. ఆవిడకి కూడా ఒక సెట్టు పంపు. గుండె జబ్బు మనిషి, ఆ మెట్లు ఎక్కి దిగలేదు.

ఇక్కడ రాత్రి ఎనిమిదికి సైన్యం మీద నిరసనగా కొట్టే గిన్నెల మోత నీకూ వినిపిస్తూనే ఉంటుంది. దయ్యాలను తరమడానికి పూర్వం బర్మావాళ్ళు ఇలాగే కొట్టేవారట. ఆ మోతకి సిపాయిలు కిటికీల మీదకి కాలుస్తున్నారు. గిన్నె చప్పుడుకి తుపాకీ జవాబు, తమ్ముడూ. చూస్తూ కూడా నమ్మలేకపోతున్నాను.

మీ అక్క

లమ్మడా,
మార్చి 13

అక్కా,

సెట్టుకి ఏ రోగమూ లేదు. విప్పి చూశాను. ఫ్యానులో రెండు బొద్దింకలు తప్ప అంతా బాగుంది. సెట్టు తెచ్చేవాళ్ళు వండే గిన్నె కూడా తేవాలన్నది నా కొట్లో నియమం. నువ్వు అక్కవని ఆ నియమం నీకు మినహాయించను. అందుకే దేముణ్ణి మళ్ళీ పంపి నీ గిన్నె తెప్పించాను.

అడుగు నిండా సొట్టలు. పదకొండు లెక్కపెట్టి మానేశాను. గిన్నె బల్లకి ఆనకపోతే ఈ పొయ్యికి అది కనబడదు, అంతే. రిజిస్టరులో మామూలుగానే రాశాను: పేరు, వీధి, ఎన్నో అంతస్తు, సెట్టు బాగుంది, అడుగు సొట్ట. పద్దెనిమిదేళ్ళుగా ఆ పుస్తకంలో కళ్ళతో చూసిందే రాశాను, ఎవరో చెప్పింది రాయలేదు. నా పుస్తకంలో ఉన్నదంటే టోకు షాపువాళ్ళు ఎదురు ప్రశ్న వేయకుండా కొత్త సెట్టు ఇస్తారు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు.

అప్పలమ్మత్తకి సెట్టు పంపుతున్నాను. మరి నువ్వు ఆ గిన్నెని దేంతో కొట్టావు? ఎందుకు కొట్టావని అడగను. నీ కిటికీ వీధి వైపు ఉంది, అది మర్చిపోకు.

ఇస్సాకు

తామ్వే,
మార్చి 18

తమ్ముడూ,

పచ్చడిబండతో కొట్టాను. మొదటిరోజు నుంచీ కొడుతున్నాను. నువ్వు బెంగపడతావని దాచాను. ఇక దాచను.

మా కింది అంతస్తు చిట్టి నీకు గుర్తుందా? నా దగ్గర అక్షరాలు దిద్దింది. లైంగ్‌థార్యార్‌లో చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టేది. ఆదివారం ఆ పేటలో కాల్పులు జరిగాయి. అది తన హాస్టల్ నుంచి బియ్యం కొనడానికి బయటికి వచ్చిందట. వాళ్ళమ్మకి మూడో రోజున కబురు తెలిసింది. వంతెన దాటనివ్వలేదు. పిల్లని అక్కడే పూడ్చేశారు. పంతొమ్మిదేళ్ళు, ఇస్సాకూ. కేక వినిపించి కిందికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఏడవడం లేదు. కుట్టుపెట్టెలో దారాలు రంగుల వారీగా సర్దుతోంది. నేనూ కూర్చుని సర్దాను.

ఆ రాత్రి ఎనిమిదికి ఆ ఇల్లు కూడా కొట్టింది. నన్ను మానమని చెప్పకు. వంట గిన్నె ఒకటి, కొట్టే గిన్నె ఒకటి వేరుగా పెట్టుకోమంటావేమో, నా ఇంట్లో నీ పొయ్యికి పనికొచ్చేది ఒక్కటే కదా. దాన్నే కొట్టాను. సత్తువి కొడితే ఆ మోత రాదు.

అప్పలమ్మత్త సెట్టు కూడా కుయ్యిమంటోంది. గిన్నెతో సహా పంపుతున్నాను. ఆవిడది మెట్ల మీద పడ్డ గిన్నె. నీ రిజిస్టరులో ఆ మాట రాయి.

మిరియం

లమ్మడా,
ఏప్రిల్ 20

అక్కా,

కూర్చుని చదువు.

ఇవాళ పది గంటలకి మా వార్డు పెద్ద నలుగురు సిపాయిలతో వచ్చాడు. ఇళ్ళలో రాత్రి ఎవరెవరు పడుకుంటున్నారో పట్టీ చూడ్డానికి. మరియ పట్టీ వెతుకుతుంటే ఆయన ఊరికే కూర్చుని బల్ల మీదున్న రిజిస్టరు తిరగేశాడు. టోకు షాపువాళ్ళ కోసం అది బర్మీస్‌లోనే రాస్తాను కదా. "ఇదేంటి, అందరికీ అడుగు సొట్టే రాశావు?" అని అడిగాడు. నేను సంబరంగా, కొత్తగా పనికి చేరినవాడికి చెప్పినట్టు చెప్పాను. గిన్నె సమంగా ఆనాలని, సొట్ట పడితే పొయ్యి పట్టదని, ఫిబ్రవరి నుంచి వచ్చిన సెట్లలో సగానికి ఇదే జబ్బని, ఇంతకు ముందు ఏడాదికి ఒకటి కూడా వచ్చేది కాదని. అంతా నా నోటితోనే చెప్పాను.

ఆయన నవ్వాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగుతుంటే నాకు అర్థమైంది. అక్కా, అది గిన్నెలు కొట్టినవాళ్ళ పట్టీ. పేరు, వీధి, అంతస్తు. ముప్పై ఒక్క ఇళ్ళు. పోలీసులకి రెండు నెలలకు పైగా దొరకనిది నేను చక్కని అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆ మోత రోజూ వింటూనే ఉన్నాను, ఈ సొట్టలు ఎందుకో తెలుసు, రాసేటప్పుడు లోలోపల నవ్వుకున్నాను కూడా. అయినా పుస్తకం పుస్తకమే, మోత మోతే అనుకున్నాను. ఇంత తెలివితక్కువవాడు ఎక్కడైనా ఉంటాడా? నీ పేరు కూడా అందులో ఉంది. నేనే రాశాను.

తామ్వేలో నీతో కలిపి అయిదిళ్ళు. అవి నువ్వు చూడు. మిగతా ఇరవయ్యారూ నేను తిరుగుతాను. సొట్ట గిన్నె ఇంట్లో ఉండకూడదు. దేముడు కారులో చదును గిన్నెలు కొన్ని పంపుతున్నాను.

ఇస్సాకు

తామ్వే,
ఏప్రిల్ 21

ఇస్సాకూ,

నీ ఉత్తరం కోపంతోనే చదివాను. నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే. నాన్న అడక్కుండానే, ఎవరు అల్లరి చేశారో వరసగా చెప్పేవాడివి. అబద్ధం చెప్పకపోవడం గొప్పే, కాని అడిగినవాడి మొహం చూడాలి కదా. ఇంక తిట్టను. తిడితే పేర్లు చెరిగిపోవు.

చేతిలో బైబిలు పట్టుకుని ప్రార్థన కూటానికి పిలుస్తున్నట్టు వెళ్ళాను. మూడిళ్ళు అయ్యాయి. ఒకావిడ వినగానే, నన్ను గాని నిన్ను గాని తిట్టకుండా గిన్నె తెచ్చి ఇచ్చింది. అన్నీ పాత సామాన్ల బండివాడి గోనెలో వేయించాను. నాది కూడా. ఇప్పుడు నా బల్ల మీద నువ్వు పంపిన చదును గిన్నె ఉంది.

అయిదోది అప్పలమ్మత్త. ఆవిడకి చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు. ఊరికే గిన్నె మార్చబోయినా ఎందుకని గుచ్చి గుచ్చి అడుగుతుంది. సిపాయిలు వస్తారని వింటే ఆ గుండె ఆగిపోతుంది. పైగా ఆవిడ నోట్లో మాట దాగదు, మధ్యాహ్నానికల్లా కూరలమ్మికి చెప్పేస్తుంది, అక్కడినుంచి ముప్పై ఒక్క ఇళ్ళ సంగతీ బజారున పడుతుంది. ఆవిడ గిన్నె పడింది నాకు గంజి తెస్తూ. కొట్టింది కాదు. ఆ సంగతి మెట్లకి కూడా తెలుసు. ఎవరు అనుమానిస్తారు ఆవిణ్ణి?

మిరియం

లమ్మడా,
ఏప్రిల్ 23

అక్కా,

ఇరవయ్యారు ఇళ్ళూ అయ్యాయి. సెట్టు తుడవడానికి వచ్చానని చెప్పి మెట్లెక్కాను. ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. మిగతావాళ్ళు గిన్నె ఇచ్చి తలుపు వేసుకున్నారు.

నిన్న తామ్వేలో ఒక సెట్టు ఇవ్వడానికి వచ్చి, అప్పలమ్మత్తకి చెప్దామని మీ మెట్ల దాకా వచ్చాను. పైకి ఎక్కాలా వద్దా అని కాసేపు నిలబడ్డాను. నువ్వు వద్దన్నావు, నాకూ అదే సబబనిపించింది. తప్పు లేని మనిషిని భయపెట్టడం దేనికని వెనక్కి వచ్చేశాను.

నువ్వు రాయమన్నావే, గిన్నె పడిందని. రాయలేదు. పడటం నేను చూడలేదు కదా. సొట్ట చూశాను, సొట్ట అని రాశాను.

ఇస్సాకు

తామ్వే,
ఏప్రిల్ 27

ఇస్సాకూ,

అప్పలమ్మత్తని తీసుకుపోయారు.

పొద్దున్న తొమ్మిదింటికి లారీ ఆగింది. చేతిలో కాగితం పట్టుకుని తిన్నగా పట్టీలో ఉన్న ఇళ్ళకే వచ్చారు. నా గిన్నె తిరగేసి, అడుగు తడిమి చూసి, కింద పెట్టారు. మిగతా మూడిళ్ళలోనూ అంతే. ఎదురింట్లో ఆ సొట్ట గిన్నె బొగ్గుల కుంపటి మీద ఉంది. నీ పొయ్యి దాన్ని పట్టదు కదా, ఆవిడ మళ్ళీ కుంపటికే పోయింది. దొరికింది అదొక్కటే.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆవిడ నిజమే చెప్పింది. గంజి తెస్తుంటే మెట్ల మీద పడిందని. వాళ్ళు నవ్వారు. ఎవరికి తెస్తున్నావని అడిగారు. ఇస్సాకూ, నా పేరు చెప్పలేదు. "నాకే. నా గంజి నేనే తాగుతాను" అంది. రోజూ ఎనిమిదికి నా కిటికీలోంచి మోత వచ్చేది, ఆవిడ ఎదురింట్లోనే కూర్చుని వినేది. ఆవిడ నోట మాట దాగదని నీకు రాసింది నేనే. ఇంకెవరు కొడుతున్నారని నాలుగుసార్లు అడిగారు. తనకి చెవుడన్నది. ఆవిడకి చెవుడేమిటి, చీమ నడిచినా వింటుంది.

చెప్పులు వేసుకోనివ్వలేదు. మందుల డబ్బా తీసుకోనివ్వలేదు. నా తలుపు గడియ మీద నా చెయ్యి ఉంది. తియ్యలేదు. రోగంలో నాకోసం గుమ్మం తొక్కిన మనిషి వెళ్ళిపోతుంటే నేను గడియ తియ్యలేదు. భయపడ్డాను. ఇంత పిరికిదాన్నని నాకు ఇవాళే తెలిసింది.

మూడిళ్ళకి చెప్పి తప్పు చేసినవాళ్ళని కాపాడాం. ఏ తప్పూ లేదని తెలిసి ఆవిణ్ణి వదిలేశాం. రేపు పొద్దున్న వార్డు ఆఫీసుకి వెళ్ళి ఆ గిన్నె నాదేనని, కొట్టింది నేనేనని చెప్తాను.

మిరియం

లమ్మడా,
ఏప్రిల్ 27, సాయంత్రం

అక్కా,

వెళ్ళకు. దేముణ్ణి ఈ ఉత్తరం కోసమే పంపుతున్నాను. నువ్వు వెళ్తే ఇద్దరూ లోపల ఉంటారు. ఇంకెవరు, ఇంకెవరు అని నిన్ను అడుగుతారు, ఎలా అడుగుతారో నేను రాయను. నా పుస్తకం నిజమని వాళ్ళు నమ్మినంతకాలం అందులో ఉన్న ఎవరూ క్షేమం కాదు. అది అబద్ధమని తేలాలి.

అబద్ధమని చెప్పేది నేనే. సెట్టు పాడైతే కొత్తది ఇవ్వకుండా తప్పించుకోవడానికి ప్రతి గిన్నె అడుగూ నేనే కొట్టు వెనక సుత్తితో బాదాను, తప్పు గిన్నెదని రాశాను, ఫిబ్రవరిలో సరుకు రావడం తగ్గినప్పటి నుంచి ఇదే నా వ్యాపారం అని చెప్తాను. గిన్నె కూడా తెమ్మని అడిగేది అందుకేనంటాను. మోసగాడి మాట వాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. ఆవిడ గిన్నెకి నేను బాధ్యుణ్ణయితే ఆవిణ్ణి వదలాలి.

మరియకి చెప్పాను. ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది. నువ్వు ఎవరి దగ్గరా నన్ను వెనకేసుకురాకు. ఒక్కరికి నిజం చెప్పినా అందరూ మళ్ళీ ఆ పట్టీలోకి వస్తారు.

ఇస్సాకు

తామ్వే,
మే 14

తమ్ముడూ,

నువ్వు ఇల్లు చేరావని దేముడు చెప్పాడు. ఎడమ చెవి వినబడటం లేదని కూడా చెప్పాడు. రావాలని ఉంది, రాలేను. మీ వీధిలో నన్ను చూస్తే అక్కాతమ్ముళ్ళు ఏదో మాట్లాడుకున్నారంటారు. అందుకని రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన రోజు సాయంత్రమే అప్పలమ్మత్తని వదిలేశారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, చెప్పులు లేకుండా పంపేశారు. మెట్లు నాలుగుసార్లు ఆగి ఎక్కింది. ఈసారి గడియ తీసి నిలబడ్డాను. అక్కడ జరిగింది ఆవిడే చెప్పింది. నువ్వు లోపలికి వచ్చి చేతులు కట్టుకుని, గిన్నెలన్నీ నేనే బాదానని చెప్పావట. ఆఫీసరు చాలాసేపు నమ్మలేదట. ఆఖరికి, మా ఇంట్లో సెట్టు కూడా నీ దగ్గర బాగుచేయించిందే, మా ఆవిడ గిన్నె కూడానా అని అడిగాడట. నువ్వు తలెత్తి అవునన్నావట. అప్పుడే చెయ్యి చేసుకున్నాడట. ఆ దెబ్బ తర్వాత నమ్మాడట. నీకది ఎలా తోచిందిరా? ఆవిడ మాత్రం నీకు బాగా అయిందంది.

ఆ తర్వాత పట్టీ పట్టుకుని ఎవరూ రాలేదు. ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళూ ఇళ్ళలోనే ఉన్నారు. అప్పలమ్మత్త తప్ప వాళ్ళందరికీ నిజం తెలుసు గనక నోరు మెదపరు. మిగతా ఊరికి తెలియదు. నీ కొట్టు మీద వేసిన సీలు చుట్టూ జనం పాత సెట్లు తెచ్చి పడేసి పోతున్నారని దేముడు అన్నాడు. ఆదివారం సంఘంలో వాక్యం చదివేవాళ్ళలోంచి నీ పేరు తీసేశారు. పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఎన్నాళ్ళ నుంచి తెలుసమ్మా అని అడిగారు. మన నాన్న చేయించిన బల్ల మీద కూర్చుని అడిగారు. తల వంచుకున్నాను.

నిన్న అప్పలమ్మత్త నా గుమ్మంలోకి వచ్చింది. కొత్త పొయ్యి వద్దంది, ఏ మిస్త్రీనీ నమ్మనంది. పడ్డ చోటు నుంచి గిన్నె నేనే ఎత్తుకున్నానమ్మా, సొట్ట నా కళ్ళారా చూశాను, మరి నీ తమ్ముడు బాదానంటాడేటని తనలో తనే కాసేపు లెక్క వేసుకుంది. ఆవిడ తెలివైనది. ఇంకో నాలుగు నిమిషాలు వదిలితే నిజం దగ్గరికి వచ్చేస్తుంది, సాయంత్రానికి కూరలమ్మికి కూడా తెలిసిపోతుంది. ఆవిడ నోట మాట దాగదన్న నామాట ఆ రోజు తప్పింది కదా, సిపాయిలకి ఏమీ చెప్పలేదు కదా అనుకున్నాను. ఆవిడకి నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కాని ఈసారి ముప్పై ఇళ్ళు పణంగా పెట్టి పరీక్షించే ధైర్యం లేకపోయింది.

నా మొహంలోకి చూసి అడిగింది. "నిజం సెప్పు మిరియం. పడ్డ గిన్నిమీద మల్లీ సుత్తెట్టి కొట్నాడా? ముసిల్దాన్ని జైల్లో ఎట్టించీసినాడా? నీ తమ్ముడు అలాటోడా?"

"అవునత్తా," అన్నాను. "అలాటోడే."

మిరియం